మాస్టరు లేడు

వేములవాడల మొక్కు తీర్చి
గుండుతోని, మీసం లేని మూతితోని
పొద్దుగాల దుకాణం షట్టరెత్తిన.
సీతాఫల్‌మండి చౌరస్తా,
ఇరవై రెండేండ్ల సంది అదే స్టూలు, దాని మీద నేను.
మొదట వచ్చినాయన
కాలిన ఫ్యాను ముంగట వెట్టి
"మాస్టరు లేడా?" అన్నడు.

నవ్వి చెప్పేటోన్నే.
నోట్లెకెళ్ళి "ఊరికి పోయిండు" అని వచ్చింది.
ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెల్వది.

"మంచిదైంది" అని కూసున్నడు
రైల్వేల రిటైరైన విఠల్‌రావు సారు,
పదేండ్లల్ల నాతోని పది మాటలు మాట్లాడనోడు.
"గాలయ్య అని పేరు వెట్టినోళ్ళకు దండం వెట్టాలె.
మాటంత గాలే.
రాగి అని పైసలు తీసుకుంటడు,
అల్యూమినియం చుడ్తడు.
కొత్తగ చేరినట్టున్నవ్, జర పైలం."

స్క్రూడ్రైవరు కోసం కిందికి వంగిన.
అది నా చేతిలనే ఉంది.
అబద్ధమైతే కోపమొస్తుండె.
రెండు ఫ్యాన్లు, తీగ ధర మండిన ఏడు.
సారు లెక్క ఒక్కటి తప్పలే.

పగటాల్ల హాస్టలు సువార్తమ్మ
"ఆయనకు ఇల్లు లేదా బాబూ,
ఎప్పుడు చూసినా ఇక్కడే ఉంటాడు" అని జాలి పడ్డది.
ఇంకొకడు "మనిషి మంచోడే గని..." అని ఆగి
నాకు చాయ్ తెప్పించిండు.
ఆ మిగిలిన సగం మాట
రెగ్యులేటరు లేని ఫ్యాను లెక్క
రాత్రంత తిరిగింది నా నెత్తి మీద.

మూడో దినం జులేఖా బీ వచ్చింది.
మాస్టరు లేడంటే మొఖం చిన్నగ చేసుకున్నది.
"రంజాన్‌ల రాత్రి పదకొండుకు
మూడంతస్తులెక్కి వచ్చిండు బేటా.
మా ఆయనకు ఊపిరాడక కొట్టుకుంటున్నడు,
మా కమ్రాల బల్బు కూడ లేకుండె.
సెల్‌ఫోను పండ్ల నడుమ పట్టుకొని కండెన్సరు మార్చిండు.
చీకట్ల మొఖం చూడలే,
గాలయ్య దుకాణం నుంచి అన్నడు.
పైసలిస్తే, చాచా నిద్ర లేచినంక తీసుకుంట అన్నడు.
మళ్ళ రాలే."
నాలుగు సీతాఫలాలు కవర్ల వెట్టి ఇచ్చింది.
"ఇంకా కచ్చా ఉన్నయి,
బియ్యంల వెట్టుమని చెప్పు."

నేను ఎవ్వరి మూడంతస్తులు ఎక్కలే.
మెట్లంటే నా మోకాళ్ళకు పడది.
ఆ రంజాన్‌కు దుకాణంల ఉన్నది జాంగీరు.
తుక్కు రాగి నాలుగు కిలోలు తక్కువొచ్చిందని
బక్రీదుకు ముందుగాలనే ఎల్లగొట్టిన.
చాయ్ బండి కాడ, పాన్ డబ్బా కాడ
అడిగినోనికి చెప్పిన, అడగనోన్ని ఆపి చెప్పిన.
వానలు వడ్డంక పుస్తకం తిరగేస్తే
తూకం తప్పు రాసింది నేనే.
అది మాత్రం
ఎవ్వరూ అడగలే, నేను ఆపలే.

ఫలాలు బియ్యం డబ్బల పండినయి.
ఇల్లంత వాసన.
తినబోయిన మా ఇంటామెను కసిరి
కవరు పట్టుకొని ఆటో ఎక్కిన.

అడ్డగుట్టల నల్లా కాడ బిందె నింపుతున్నామెను
జాంగీరు ఇల్లు ఎక్కడ అని అడిగిన.
"ఏ జాంగీరు?
ఆ రాగి దొంగనా?"

నేను ఇయ్యాలనే వచ్చిన.
నా మాట ఎప్పుడో వచ్చి
ఈ గల్లీల కిరాయికుంటున్నది,
నీళ్ళు పట్టుకుంటున్నది, అందరితోని వరుస కలుపుకున్నది.

అవునంటే తొవ్వ చూపిస్తది.
కవర్ల ఒక పండు పగిలి
వేళ్ళకు జిగురు జిగురుగ అంటుతుంది.

"దొంగ కాదమ్మా" అన్న.
బిందె పొర్లిపోతుంటె కూడ చూడక
నా మొఖంలకు చూసింది.
"నీకెట్ల తెల్సు? నువ్వెవరు?"

అప్పటికి నెత్తి మీద
వెంట్రుకలు గోరంత మొలిచినయి.